పేరు చెప్పని ఆకు

"మీ మిషను తప్పు, మీ మేడమ్ తప్పు, ఈ కాగితం తప్పు. నా పొడి తప్ప అన్నీ తప్పే!" అన్నాడు దేవరాజు.

వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడైంది. పడిందో, లూదియా పడేసిందో, ముప్పైమూడేళ్లు కాపురం చేసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

కరుణ ఇంకా చెప్పులు కూడా విడవలేదు. నంద్యాలలో మొదటి బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగిన పిల్ల, సంచి భుజానే ఉంచుకుని కుర్చీ అంచున కూర్చుంది. బల్ల మీద ఆమె పనిచేసే ల్యాబు నుంచి తెచ్చిన రెండు కాగితాలు. ఫ్యాను గాలికి అవి లేస్తుంటే దేవరాజు తన కళ్లద్దాలు తీసి వాటి మీద బరువు పెట్టాడు. అద్దాలు లేకపోతే అతనికి అక్షరం ఆనదు. ఆనకూడదనే పెట్టాడు.

"మూడుసార్లు చేసినా నాయనా," అంది కరుణ. "పొడి కాల్చి బూడిద తూచినా. ఆ బూడిదను ఆమ్లంలో వేస్తే కరక్కుండా ఇసుక మిగిలింది. సరే, ఆకు కడగలేదేమో అనుకున్యా. ఆమీట గాజు పలక మీద అసలు ఆకు చుక్క ఒకటి, పక్కన నీ పొడి చుక్క ఒకటి పెట్టి చూసినా. అసలుదానికి మచ్చలు యాడ వచ్చినాయో, నీదానికి ఆడ రాలే. మైక్రోస్కోపులో పెట్టినా. ఆకు నిర్మాణమే వేరు."

"ఏం వేరు? వేరు కోసేసి ఆకే కదా దంచినా!"

ఇంకెప్పుడైనా అయితే కరుణ నవ్వేది. ఈ ఇంట్లో ఆయన శ్లేషకు శ్లేష్మానికున్నంత విలువ కూడా లేదని లూదియా ఎంత విసుక్కున్నా, కూతురు మాత్రం నవ్వేది. ఈపూట నవ్వలేదు.

"అది నేల ఉసిరి కాదు నాయనా."

"ష్! పేరెత్తొద్దు! పేరు చెప్తే మందు పారదు!"

"పారేదానికి అది ఆ మందు కాదంటాండా."

"ఉసిరి కాకుంటే ఉసురా మరి?"

నాలుక మీద నుంచి జారిపోయాక గాని ఆ మాట ఎక్కడ పోయి తగులుతుందో అతనికి తెలియలేదు. 

"ఉసురే," అంది లూదియా గుమ్మంలోకి వచ్చి. "లక్ష్మీనారాయణ బిడ్డ ఉసురు. తొమ్మిది దినాల నుంచి నీ పొడి తాగుతాంది ఆ పాప. నంద్యాల డాక్టరు రాసిన మాత్రలు గూట్లో పెట్టి మరీ తాగుతాంది. యాల పోవు నువ్వు? యాల చెప్పవు?"

బల్ల మీద ఫోను మోగింది. లక్ష్మీనారాయణ. పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. దేవరాజు ఫోన్‌ని బోర్లా తిప్పి పెట్టాడు. పరీక్షలో ఎదుటివాడికి కనపడకుండా పేపరు తిప్పుకునే పిల్లవాడిలా తిప్పాడు. తిప్పాక తన చేతిని తనే చూసుకుని సిగ్గుపడ్డాడు.

ముప్పై రెండేళ్లు ఆళ్లగడ్డ బడిలో తెలుగు అయ్యవారు. పద్యం చెప్పినన్నాళ్లూ వెనక బెంచీ నిద్రపోయింది. రిటైరై పథ్యం చెప్పడం మొదలుపెట్టాక ఊరంతా లేచి కూర్చుంది. బుధవారం, శనివారం పరగడుపున పచ్చకామెర్ల మందు. మొదట అది అతని తల్లి మేరీ చేతి మందు. ఆమె పోయి నాలుగేళ్లు. అప్పట్నుంచీ కొడుకు చేతి మందు. ఆకు పేరు ఎవరికీ చెప్పకూడదన్నది ఆ మందుకున్న ఒకే ఒక్క కట్టు. అత్త కోడలికి చెప్పదు, తల్లి కొడుక్కి చెప్పదు. గట్టు మీద వేలు పెట్టి చూపించడమే. పేరు బయటికి వచ్చిందా, మందులోంచి బలం బయటికి పోయినట్టే.

అలా ఆకు పేరు చెప్పకుండానే దేవరాజు పేరు తెచ్చుకున్నాడు. ఆత్మకూరు నుంచి, మహానంది నుంచి బస్సులు దిగి 'పేరు చెప్పని అయ్యవారి ఇల్లు యాడ?' అని అడుగుతూ వచ్చేవారు. ల్యాబుకు పంపితే ఇంకొంచెం లాభమనుకున్నాడు. "మార్కులేసుకుని రాపో, పటం కట్టించి గోడకు తగిలిస్తా," అని పొట్లం కట్టి కూతురి సంచిలో స్వయంగా పెట్టింది అతనే. ఇప్పుడు సారు పొడిలో సారం లేదని తేలింది.

"ఇంగోటి చెప్తా, ఇను," అంది కరుణ. గొంతు తగ్గింది. "సాంపిల్ మీద పేర్లుండవు మా ల్యాబులో. నంబరే. నీది నలభై ఏడు. 'ఈ నలభై ఏడు పంపినోడెవడో, గట్టు మీద గడ్డి పీకి పంపినాడు' అని మావాళ్లు నవ్వినారు."

దేవరాజు కాగితాల అంచులు సరిచేశాడు.

"నేనూ నవ్వినా నాయనా. నవ్వకుంటే ఇది నా ఇంటిదని తెలుస్తాదేమోనని నవ్వినా."

లూదియా కొంగుతో మొహం తుడుచుకుంది. వంటింటి వేడికో, వేరేదానికో.

"మరి ఇన్నాళ్లు తగ్గినోళ్లంతా?" అన్నాడు దేవరాజు. అతని దగ్గర మిగిలిన ఆఖరి వాదన అది. "పగిడ్యాల మాస్టరుకు తగ్గలేదా? కరెంటాఫీసు పౌలుకు తగ్గలేదా? ఎంతమందికి తగ్గలే!"

"శానామందికి కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి. పండుకోని, నూనె మానేసి, కుదురుగా ఉంటే తగ్గుతాయి. అసలు నేల ఉసిరైనా ఎంతవరకు పని చేస్తాదో ఇంగా చూస్తానే ఉండారు పెద్దపెద్దోళ్లు. తగ్గినోళ్లు నీకాడికి వచ్చి దండం పెట్టినారు. తగ్గనోళ్లు ఆసుపత్రికి పోయినారు, నీకు చెప్పలే. అంతే." కరుణ తండ్రి మొహంలోకి చూసింది. "అవ్వ దంచేది మాత్రం నేల ఉసిరే. చిన్నప్పుడు ఆకు కింద వరసగా ఉండే కాయలు గిల్లి ఆడుకునేదాన్ని. నువ్వు పంపినదాన్లో ఒక్క కాయ తునక లే. నీకు అవ్వ ఎప్పుడు చూపించింది నాయనా, ఆకు?"

దేవరాజు బల్ల మీది కళ్లద్దాల వైపు చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"నిన్నే నాయనా."

"మంచాన పడినాక."

"మాట పడిపోయినాకనా?"

"కాలువ గట్టు మీద రెండు రకాలు కనపడినాయి. రెండూ ఒకటే తీరుగా ఉండె. పీక్కోనొచ్చి మంచం కాడ నిలబడి, ఇదా అమ్మా అన్యా. తలూపింది."

"రెండోది చూపిచ్చినావా?"

"అదెందుకు? మొదటిదానికే ఊపింది కదా."

లూదియా గోడకు ఆనుకుని నెమ్మదిగా కింద కూర్చుంది. "అత్తకు తల వణుకు," అంది, ఎవరికీ కాదన్నట్టు. "ఏడాదిన్నర వణికింది. గంజి కావాల్నా అంటే ఊపేది. వద్దా అన్నా ఊపేది."

తలూపు అనుకున్నది తల వణుకు. రెంటికీ తేడా తెలుగు అయ్యవారికి తెలియక కాదు. ఆరోజే తెలుసు. కాలువ గట్టున ఆకు కోస్తున్న ప్రతిసారీ తెలుసు. మనుషులు బస్సులు దిగి వాకిట్లో చెప్పులు విడిచి నిలబడుతుంటే ఆ తెలిసినదాన్ని మడతపెట్టి, మడత మీద మడతపెట్టి, తనకే కనపడనంత చిన్నది చేసి దాచుకున్నాడు.

"నీకు తెల్సు," అంది లూదియా.



ఫోను మళ్లీ మోగింది. ఈసారి దాన్ని తిప్పే అవసరం లేకపోయింది. అది బోర్లానే ఉంది. బల్ల మీద వణుకుతూ, వణుకుతూ అంచుదాకా వచ్చింది.

"పోదాం పా," అని కరుణ లేచింది.

* * *

దారి పొడుగునా దేవరాజు ఒకే వాక్యం నేర్చుకుంటూ నడిచాడు. 'నేనిచ్చింది మందు కాదు లక్ష్మీనారాయణా, నాకే తెలియకుండా తప్పు ఆకు ఇచ్చినా.' రెండు వీధులు దాటేసరికి అందులోంచి 'తప్పు' జారిపోయింది. మూడో వీధికి 'నేను' కూడా జారిపోయింది. ఇంటి ముందు ఆగేసరికి మిగిలింది ఒక్క 'లక్ష్మీనారాయణా'.

"వచ్చినావా అయ్యవారూ! ఫోను ఎత్తకుంటే నువ్వే వస్తాంటావనుకున్యా," అంటూ లక్ష్మీనారాయణ ఎదురొచ్చాడు. "లోపలికి రాప్పా, లోపలికి."

ఆ 'లోపలికి' అన్నమాటకు దేవరాజు గడప ముందే ఆగాడు. పిల్లలకు పద్యాలు నేర్పిన ముప్పై రెండేళ్లలో ఈ ఇంట్లో అతనికి అరుగు దాటి అడుగు లేదు. ఎండలో వచ్చినా అరుగు మీదికే నీళ్లు వచ్చేవి, విడిగా పెట్టిన గ్లాసులో. వర్షిణికి కామెర్లొచ్చి, అతని పొడి ఈ గడప దాటాక, పొడి వెంటే అతనూ దాటాడు. ఇప్పుడు నిజం చెబితే రెండూ ఒకేసారి బయటికి పోతాయి.

మంచం మీద వర్షిణి లేవబోయింది. బి.ఎడ్. చదువుతోంది, తెలుగు టీచరు కావాలని. "పడుకో మా, పడుకో," అన్నాడు. దగ్గరికి వెళ్లి కింది రెప్ప లాగి చూశాడు. శనివారం నిమ్మపండు రంగు. ఇవాళ పసుపు ముద్ద. చేతి గోళ్లు కూడా.

"రేతిరంతా వాంతులు సార్," అంది వర్షిణి. "నీళ్లు తాగినా నిలబడ్లేదు."

పక్కన ఆమె జేజి, లక్ష్మీనారాయణ తల్లి రామసుబ్బమ్మ, తడిగుడ్డ పట్టుకుని నిలబడింది. "ఏంటికప్పా ఇట్లయితాంది? నీ మందు మీద మాకు అనుమానం లేదు. ఏంటికి తగ్గతాండ్లే?"

దేవరాజు నోరు తెరిచాడు. కరుణ అతని మోచేతి దగ్గరే ఉంది.

"పథ్యం తప్పినారా?"

అది అతను నేర్చుకున్న వాక్యం కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో! ముప్పై రెండేళ్లు 'హోంవర్కు చేసినారా?' అని గద్దించిన గొంతు, యజమానిని అడక్కుండానే దానంతట అది లేచి మాట్లాడింది.

రామసుబ్బమ్మ చేతిలోంచి తడిగుడ్డ జారింది.

"నోరు చప్పగా ఉండాది జేజీ, ఉప్పు లేక నాలిక చచ్చిపోయింది అనింది ఆయిత్వారం," అందామె. "ఊరుబిండి పచ్చడి రవ్వంత... నాలిక మీద రాసినా. వేలి కొసంత అప్పా. అంతే."

"అమ్మా!" లక్ష్మీనారాయణ గొంతు ఇల్లంతా నిండింది. "చెప్పలే అయ్యవారు? ఉప్పు, నూనె ముట్టగూడదని చెప్పలే? నీ నాలిక చప్పగా ఉండిందా, దాని నాలికనా? బిడ్డను చంపుకుంటావా?"

"ఈ చెయ్యి పడిపోను," అని ముసలామె ఎడంచేత్తో కుడిచేతిని కొట్టుకుంది. "ఈ చెయ్యి ఇరిగిపోను."

"జేజి తప్పేం లేదు, నేనే అడిగినా," అంటోంది వర్షిణి మంచం మీంచి. ఎవరూ వినలేదు.

కరుణ తండ్రి వంక చూసింది. తిట్టు లేదు, కోపం లేదు ఆ చూపులో. ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టినదాన్ని చూసే చూపు అది. అతను ఒక్క మాటంటే చాలు, ఆ ముసలి చేయి ఆగిపోతుంది. ఒక్క మాట.

"తప్పితే ఇంగ నా మందు పారదు," అన్నాడు దేవరాజు, గోడ వైపు చూస్తూ. "నంద్యాలకు తీసకపోదాం. ఆసుపత్రిలో చేర్చాల. బేగా తియ్యి కారు."

పని చేసింది. తొమ్మిది రోజులు అతని పొడి చేయని పని ఆ అబద్ధం ఒక్క నిమిషంలో చేసింది. 'అయ్యవారే అన్నాక' అంటూ లక్ష్మీనారాయణ తాళాల కోసం పరిగెత్తాడు. వర్షిణిని వెనక సీట్లో జేజి ఒడిలో పడుకోబెట్టారు. పక్కన కరుణ ఒదిగింది. దేవరాజును ముందు సీట్లో, మర్యాద సీట్లో, కూర్చోబెట్టారు.

కారు శిరివెళ్ల దాటింది. రామసుబ్బమ్మ మనవరాలి నుదుటి మీద చేయి వేయబోయి, ఆ చేయి అదేనని గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకుని, ఎడంచేత్తో నిమిరింది. ముందు అద్దంలో దేవరాజుకు అది కనపడింది. అద్దం వైపు చూడకుండా రోడ్డు చూశాడు. రోడ్డు మీద బోర్డులు చదివాడు. విత్తనాలు, ఎరువులు, పురుగు మందులు. ప్రతి బోర్డు మీదా మందే.

* * *

వర్షిణిని చక్రాల మంచం మీద లోపలికి తోసుకుపోయారు. వెనకబడిన రెండడుగుల్లో కరుణ అతని పక్కకు వచ్చింది.

"పాపనైతే కారెక్కిచ్చినావు నాయనా. మంచిదే. ఆ ముసలామెను యాడ దించుతావు?"

"చెప్తాలే మా. పాపకు నయం కానీ."

"అప్పుడు చెప్తే ఎవరికి కావాల?"

దానికీ ఒక శ్లేష దొరుకుతుందేమోనని అలవాటుగా వెతికాడు. దొరకలేదు. 

రక్తం తీశారు. సెలైను కట్టారు. గంటన్నర గడిచాక డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. నడివయసు మనిషి, నెమ్మదైన మాట. "లివర్ బాగా దెబ్బతిని ఉంది. మేం చేయాల్సింది చేస్తున్నాం. తొమ్మిది రోజులు ఏం తాగించారు?"

"ఆకు మందు మేడమ్," అన్నాడు లక్ష్మీనారాయణ. "మా అయ్యవారిదే."

"ఏ ఆకు? కొన్ని ఆకులు లివర్‌ని ఇంకా పాడుచేస్తాయి. అదేంటో తెలిస్తే మేం జాగ్రత్త పడతాం. తెలియకపోతే చీకట్లో వెతుక్కున్నట్టే. పేరు చెప్పండి."

పెన్ను కాగితం మీద ఆగింది. అందరూ దేవరాజు వైపు తిరిగారు.

కరుణ ఒకడుగు ముందుకు వేసి, ఆగిపోయింది. ఆ మాట తండ్రి నోటనే రావాలని ఆగినట్టుంది.

దేవరాజు తలుపు ఎంత దూరముందో లెక్క వేశాడు. తర్వాత మంచం మీది పసుపు కళ్లు చూశాడు.

"తెల్దు మేడమ్," అన్నాడు. "అది ఏ ఆకో నాకు తెల్దు."

నాలుగేళ్లలో అతను చెప్పిన మొదటి నిజం అది. చెప్పి, గోడ కూలడానికి ఎదురు చూస్తూ నిలబడ్డాడు.

లక్ష్మీనారాయణ నవ్వాడు.

గర్వంగా నవ్వాడు. "చూసినారా మేడమ్? గొంతు మీద కత్తి పెట్టినా చెప్పడు మా అయ్యవారు. పేరు చెప్తే మందు పారదని వాళ్లమ్మకు మాటిచ్చినాడు. ఈయన మాట తప్పే మనిషి కాదు."

"కాదప్పా, నిజంగానే..."

"అర్థమైంది లే అయ్యవారూ, నువ్వేం ఇబ్బంది పడొద్దు."

"ఇది మీ ఆచారాల సమయం కాదండీ," అంది డాక్టరమ్మ. ఆమె నెమ్మది కాస్త తగ్గింది. "అమ్మాయి ప్రాణం."

ఆ మాట రామసుబ్బమ్మకు సూటిగా తగిలింది. ఆమె మంచం చుట్టూ తిరిగి వచ్చింది. ఎవరూ ఊహించకముందే దేవరాజు ముందు వంగి అతని కాళ్లు పట్టుకుంది. డెబ్బై రెండేళ్ల మనిషి. ఆ ఇంటి పెద్ద. ఒకప్పుడు అరుగు మీదికి విడి గ్లాసులో నీళ్లు పంపింది ఆ చేతులే.

"ఒక్కసారికి చెప్పు అయ్యవారూ. పారకుంటే పారకపోనీ. మాట తప్పిన పాపం నా నెత్తినేసుకుంటా. పథ్యం తప్పిచ్చిన పాపం ఎట్లా నా నెత్తినుండాది, దాని పక్కన ఇదీ ఉంటాది."

"లెయ్యమ్మా... లెయ్యి తల్లీ... నేను దాస్తాండ్లేదు." అతను వెనక్కి జరగబోయాడు. గోడ తగిలింది. "దేవుని తోడు. నాకు తెల్దు."

"ఇంగేం చెయ్యాల్నో చెప్పు. ఏం చెయ్యమంటే అది చేస్తా."

దేవరాజు రెండు చేతులూ గాలిలో ఉండిపోయాయి. ఆమెను పట్టుకుని లేపాలో, తానే కింద కూలబడాలో ఆ చేతులకు తెలియలేదు. కుడిచేతి బొటనవేలు చూపుడువేలితో రాసుకుంటూ, రాసుకుంటూ ఉంది.

"నాయనా," అంది వర్షిణి మంచం మీంచి. గొంతు చాలా సన్నగా ఉంది. "సార్ నిజమే చెప్తాండారు."

లక్ష్మీనారాయణ తల తిప్పాడు.

"పద్యం మర్చిపోతే సార్ ఇట్లనే నిలబడేవారు బోర్డు కాడ. సుద్దముక్క నలుపుకుంటా, ఏళ్లు ఇట్లనే రాసుకుంటా. మాకందరికీ తెల్సు. గుర్తు రానప్పుడే అట్ల చేస్తారు. దాచేటప్పుడు కాదు." ఊపిరి కోసం ఆగింది. "సార్‌కు నిజంగానే తెల్దు నాయనా."

లక్ష్మీనారాయణ మొహం మీద నవ్వు ఇంకా ఉంది గాని దాన్ని అక్కడే మరిచిపోయినట్టుంది. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. కరుణ తల వంచుకుంది.

వర్షిణి కళ్లు దేవరాజు మీద నుంచి కదల్లేదు. వాటిల్లో నింద లేదు. పాఠం మధ్యలో లేచి సందేహం అడిగే పిల్ల కళ్లు అవి.

"ఏ మందో తెలియనిదానికి పథ్యం ఏముంటాది సార్? అయితే మా జేజి తప్పేం లేదు కదా?"

రామసుబ్బమ్మ మొహం పైకెత్తింది. ఆమె చేతులు ఇంకా అతని పాదాల మీదే ఉన్నాయి.